పరారైందా, వెళ్ళిపోయిందా? 1796 నాటి ప్రకటనలో ఒక క్రియ

సిరాబుడ్డి:
అందరికీ నమస్కారం. పిల్లల పత్రిక ఒకదానికి వ్యాసం తెలుగు చేస్తూ ఒక్క మాట దగ్గర ఇరుక్కుపోయాను. అమెరికా తొలి అధ్యక్షుల ఇళ్ళలో బానిసలుగా బతికినవాళ్ళ గురించిన వ్యాసం అది. 1796 మే నెలలో, అప్పటి రాజధాని ఫిలడెల్ఫియా పత్రికలో పడిన ప్రకటన ఒకటి అందులో ఉంది. జార్జి వాషింగ్టన్ ఇంటి వ్యవహారాలు చూసే ఫ్రెడరిక్ కిట్ వేయించాడు. అధ్యక్షుని ఇంటి నుంచి ఓనీ జడ్జ్ అనే అమ్మాయి 'అబ్‌స్కాండ్' అయిందట. ఆనవాళ్ళు కూడా ఇచ్చాడు: ముఖం నిండా చిన్న చిన్న మచ్చలు, బాగా నల్లని కళ్ళు, గుబురు జుట్టు, సన్నటి మనిషి, ఇరవై ఏళ్ళ ప్రాయం. ఊళ్ళో గాని, రేవులో ఓడ మీద గాని పట్టుకుని ఇంటికి తెచ్చినవారికి పది డాలర్లు.

నేను 'పారిపోయింది' అని రాశాను. ఎడిటర్ గారు అది కొట్టేసి 'ఉడాయించింది' అని పెట్టారు, ఊపుగా ఉంటుందట. ఒక మిత్రుడేమో 'లేచిపోయింది' అనమంటున్నాడు. నాకు టెన్షన్‌గా ఉంది, చదివేది పిల్లలు కదా.

పెన్నాతీరం:
లేచిపోవడం అంటే మన భాషలో పక్కన ఒక మగవాడు ఉండి తీరాలి. ఈ పిల్ల ఒంటరిగా వెళ్ళింది. కాబట్టి ఆ మాట వద్దు. ఉడాయించడం అనేది చిట్టీల డబ్బుతో బోర్డు తిప్పేసినవాడికి వాడతాం, తనది కానిదేదో పట్టుకుపోయినవాడికి. కిట్ దృష్టిలో జరిగింది కూడా అదేలెండి. ఆమె ఎత్తుకుపోయింది తననే!

'నిందితుడు పరారీలో ఉన్నాడు' అని పేపర్లో చదివినప్పుడు వచ్చే నేరపు వాసన ఆ ఇంగ్లీషు మాటలోనూ ఉంది. అందుకని ప్రకటన వరకూ నా ఓటు 'పరారైంది'కే. కానీ వ్యాసంలో మీ సొంత వాక్యం రాసేటప్పుడు ఆ క్రియను మోసుకురాకండి. అది యజమాని తరఫువాడి మాట.

ఫిల్లీ తెలుగు:
పెన్నాతీరం గారు చెప్పినదానికి ఆమె మాటలే సాక్ష్యం. చాలా ఏళ్ళ తర్వాత, ముసలితనంలో, 1845లో ఒకసారి, 1847లో ఇంకోసారి ఆమె చెప్పినవి పత్రికల్లో అచ్చయ్యాయి. మొదటిదాంట్లో ఆమె అన్నది తెలుగులో ఇంచుమించు ఇలా వస్తుంది: "వాళ్ళు వర్జీనియా వెళ్ళడానికి సామాన్లు సర్దుకుంటున్నారు, నేనూ సర్దుకుంటున్నాను, ఎక్కడికో నాకే తెలీదు. వర్జీనియా తిరిగి వెళ్తే నాకిక స్వేచ్ఛ దొరకదని మాత్రం తెలుసు." ఫిలడెల్ఫియాలోని నల్లజాతి స్నేహితుల ఇంటికి సామాను ముందే చేరవేసి, వాషింగ్టన్ కుటుంబం భోజనానికి కూర్చున్నప్పుడు ఆ ఇల్లు వదిలి వెళ్ళానని చెప్పింది. ఆమె వాడిన క్రియ 'లెఫ్ట్'. పరారీ లేదు, ఉడాయింపు లేదు.

ప్రకటనలో ఇంకో వాక్యం ఉంది, దాన్ని వదిలేయకండి. ఆమె వెళ్ళిపోతుందని ఎవరికీ అనుమానం లేదట, వెళ్ళిపోవడానికి ఆమెకు కారణమూ లేదట! కారణం ఏమిటంటే, వాషింగ్టన్ భార్య మార్తా తన మనవరాలు ఎలైజా కస్టిస్‌కు పెళ్ళి కానుకగా ఈ అమ్మాయిని ఇవ్వబోతోంది. ఆ సంగతి ఓనాకు (ఓనీ అసలు పేరు) తెలిసింది.

గడీ గోడ:
పెళ్ళికి మనిషిని కానుకగా ఇవ్వడానికి మనకు పాత మాటే ఉంది, అరణం. భాగవతంలో దేవకి పెళ్ళికి తండ్రి ఇచ్చిన అరణంలో ఏనుగులు, గుర్రాలు, రథాలతో పాటు రెండువందల మంది దాసీలున్నారు. చిన్నప్పుడు ఆ లెక్క విని ఎంత వైభవమో అనుకునేవాళ్ళం. ఆ రెండువందల మందిలో ఒక్కరి పేరైనా ఎవరమూ అడగలేదు. తెలంగాణలో దొర బిడ్డ అత్తారింటికి వెళ్తుంటే వెంట పంపిన ఆడబాపలదీ అదే కథ. 'ఎలైజాకు అరణంగా ఇవ్వబోయారు' అని రాస్తే మన పెద్దవాళ్ళకు చటుక్కున తగులుతుంది. ఇంగ్లీషులో ఓనాను 'డవర్ స్లేవ్' అంటారు కదా, దానికీ 'అరణపు దాసి' అనవచ్చేమో?

పెన్నాతీరం:
గడీ గోడ గారూ, మొదటిది అద్భుతంగా ఉంది. రెండోది మాత్రం కుదరదండీ. ఆ 'డవర్' కట్నమూ కాదు, అరణమూ కాదు. మార్తా మొదటి భర్త డేనియల్ కస్టిస్ 1757లో వీలునామా రాయకుండా చనిపోయాడు. వర్జీనియా చట్టం ప్రకారం భార్యకు ఆస్తిలో మూడోవంతు, అదీ బతికున్నంత కాలం అనుభవించడానికే. ఆమె తర్వాత అది కస్టిస్ వారసులకు పోవాలి. ఆ మూడోవంతులో మనుషులూ ఉన్నారు. 'వితంతు వాటా కింద వచ్చిన బానిసలు' అని విడమరచి రాయడమే మేలు. ఈ తేడా పట్టించుకోకపోతే తర్వాతి కథ అర్థం కాదు. 1799లో వర్జీనియాలోని వాషింగ్టన్ ఎస్టేటు మౌంట్ వెర్నన్‌లో 317 మంది బానిసలుంటే, వాషింగ్టన్ తన వీలునామాతో విడుదల చేయగలిగింది తన సొంతవైన 123 మందినే. 153 మంది వితంతు వాటావాళ్ళు. మిగతావాళ్ళలో ఎక్కువమంది అద్దెకు తెచ్చినవాళ్ళు. భార్యది ఒక లెక్కలో, భర్తది ఇంకో లెక్కలో ఉన్న కుటుంబాలు ఎన్నో. ఓనా తల్లి బెట్టీ ఈ వాటాలోనిదే కాబట్టి ఓనా కూడా అంతే. ఓనాకు తర్వాత పుట్టిన పిల్లలూ చట్టం దృష్టిలో కస్టిస్‌ల సొత్తే.

బళ్ళోపంతులు:
క్రియ సంగతి తేలుతోంది గాని నామవాచకం సంగతేమిటి? సిరాబుడ్డి గారి చిత్తుప్రతిలో ఒకచోట 'సేవకురాలు', ఒకచోట 'పనిమనిషి', ఒకచోట 'దాసి' కనిపించాయి. దాసి అనగానే మనకు రామదాసు దగ్గర్నుంచి భక్తి గుర్తొస్తుంది, ఇష్టపడి పాదాలు పట్టుకోవడం. పనిమనిషి అంటే జీతం ఉంటుంది, నచ్చకపోతే మానేస్తుంది. ఇక్కడ 'బానిస' తప్ప గత్యంతరం లేదు.

వాళ్ళూ ఆ మాట నోట రానివ్వలేదు, గమనించారా? 1787 నాటి అమెరికా రాజ్యాంగంలో బానిస అన్న మాటే లేదు. 'సేవకు గాని శ్రమకు గాని కట్టుబడిన వ్యక్తి' అని డొంకతిరుగుడు. బానిసత్వం అన్న మాట రాజ్యాంగంలోకి వచ్చింది 1865లో, దాన్ని రద్దు చేసిన పదమూడో సవరణతోనే. పారిపోయిన బానిసలను పట్టితెచ్చే 1793 నాటి చట్టం పేరులోనూ 'యజమానుల సేవ నుంచి తప్పించుకున్న వ్యక్తులు' అనే ఉంటుంది. దానిమీద సంతకం వాషింగ్టన్‌దే.

ఫిల్లీ తెలుగు:
మాస్టారూ, ఆయన ఉత్తరాలు ఇంకా గమ్మత్తు. ఫిలడెల్ఫియా ఉన్న పెన్సిల్వేనియా రాష్ట్రపు 1780 చట్టం ప్రకారం వేరే రాష్ట్రం నుంచి వచ్చినవాళ్ళ దగ్గర బానిస వరసగా ఆరు నెలలు ఉంటే విడుదల కోరవచ్చు. అందుకని ఆ గడువు నిండకముందే తన ఇంటి బానిసలను సరిహద్దు దాటించి మళ్ళీ తేవాలని వాషింగ్టన్ అనుకున్నారు. 1791లో కార్యదర్శి టోబియాస్ లియర్‌కు రాస్తూ, వాళ్ళకూ లోకానికీ కూడా అసలు సంగతి తెలియకుండా ఏదో మిష మీద ఈ పని జరగాలన్నారు. ఆయన ఆ ఉత్తరంలో వాడిన మాటకు మన 'మిష' అచ్చుగుద్దినట్టు సరిపోతుంది.

ఓనా వెళ్ళాక ఖజానా మంత్రికి రాసిన ఉత్తరంలో ఆమెను కృతఘ్నురాలన్నారు. సేవకురాలిలా కాకుండా బిడ్డలా పెంచామని వాపోయారు.

గడీ గోడ:
'మా ఇంట్లో మనిషిలా చూసుకున్నాం, తిన్నింటి వాసాలు లెక్కపెట్టింది' అని తెలుగు చేసేయండి. ఏ ఇంట్లో వినలేదు మనం ఈ మాట!

సిరాబుడ్డి:
ఆ వాక్యం పెట్టేశాను, గడీ గోడ గారూ. ఇంకో చిక్కు. ఇంగ్లీషులో ఈమధ్య 'స్లేవ్' మానేసి 'ఎన్‌స్లేవ్డ్ పర్సన్' అంటున్నారు. 'బానిసత్వంలో ఉంచబడిన వ్యక్తి' అంటే గొంతులో ఎముక పడ్డట్టుంది.

పెన్నాతీరం:
ఆ 'బడు' తీసేస్తే సగం బాధ పోతుంది. తెలుగులో ఎవరు ఆ పని చేశారో చెప్పేయడమే అందం. 'వాషింగ్టన్ బానిసలుగా ఉంచిన మనుషులు.' ఇంగ్లీషు దాచిన కర్త బయటికొస్తాడు. అయితే ఒక జాగ్రత్త. 'ఉంచిన' అనండి గాని ఆడవాళ్ళ విషయంలో 'ఉంచుకున్న' అనకండి, అర్థం ఎటో పోతుంది. మీ వ్యాసంలో అధ్యక్షుడు జెఫర్సన్ ఇంట్లో బానిసగా ఉండి ఆయన పిల్లల్ని కన్న శాలీ హెమింగ్స్ ప్రస్తావన ఉంటే ఇది మరీ ముఖ్యం. ఆమెను 'ఉంపుడుగత్తె' అని రాసిన తెలుగు అనువాదాలు చూశాను, చిరాకేసింది. కాదనే హక్కు లేని మనిషికి ఆ మాట ఎలా వేస్తారు?

బళ్ళోపంతులు:
ఒప్పుకుంటున్నాను. ఆమె కొడుకు మాడిసన్ హెమింగ్స్ 1873లో ఒహాయో పత్రికకు తన కథ చెప్పాడు. అధ్యక్షుడు జేమ్స్ మాడిసన్ దగ్గర బానిసగా ఉన్న పాల్ జెన్నింగ్స్ 1865లో జ్ఞాపకాలే అచ్చువేశాడు. 1814లో బ్రిటిష్ సేన వస్తుంటే శ్వేతసౌధంలోని వాషింగ్టన్ నిలువెత్తు చిత్రాన్ని మాడిసన్ భార్య డాలీ కాపాడిందని లోకమంతా చెప్పుకుంటుంటే, దింపింది ఆమె కాదు, ద్వారపాలకుడు ఫ్రెంచి జాన్, తోటమాలీ అని కుండబద్దలు కొట్టింది ఆయనే. విధవరాలైన డాలీకి గడవని రోజుల్లో తన జేబులోంచి చిల్లర ఇచ్చినవాడు కూడా. 'వాళ్ళ గొంతు మనకు దొరకదు' అన్న మీ మొదటి పేరా వాక్యం తీసేయండి.

ఫిల్లీ తెలుగు:
వాషింగ్టన్ ఇంట్లో బానిసగా ఉన్న వంటమనిషి హెర్క్యులిస్‌ను కూడా చేర్చండి. 1797లో వాషింగ్టన్ పుట్టినరోజు నాడే మౌంట్ వెర్నన్ వదిలి వెళ్ళాడు. కొద్ది కాలానికి అక్కడికొచ్చిన ఫ్రెంచి అతిథుల నౌకరు ఒకడు, నాన్న మళ్ళీ కనిపించడని దిగులుగా ఉందా అని అతని చిన్న కూతుర్ని అడిగాడు. "లేదండీ, నాకు చాలా సంతోషం, ఆయనకిప్పుడు స్వేచ్ఛ ఉంది" అందట. ఫిలడెల్ఫియాలో ఆ అధ్యక్ష భవనం ఉన్నచోట 2010లో తెరిచిన స్మారకంలో వీళ్ళిద్దరితో కలిపి తొమ్మిది పేర్లు రాతిగోడ మీద చెక్కారు.

సిరాబుడ్డి:
అందరికీ ధన్యవాదాలు. ఇలా ఖరారు చేస్తున్నాను. ప్రకటనలో: 'అధ్యక్షుల వారి ఇంటి నుండి పరారైనది.' కింద నా వాక్యం: 'వాళ్ళు భోంచేస్తుండగా ఓనా ఆ ఇల్లు విడిచి వెళ్ళిపోయింది. నాన్సీ అనే ఓడెక్కి న్యూ హాంప్‌షైర్‌లోని పోర్ట్స్‌మత్ చేరింది. ఓడ నాయకుడికి శిక్ష పడుతుందని ఆయన చనిపోయేదాకా పేరు బయటపెట్టలేదు.' పేరు ఓనా అనాలా, ఓనీ అనాలా?

పెన్నాతీరం:
ఓనీ యజమానులు పిలిచిన ముద్దుపేరు, ప్రకటనలోనే ఉండనివ్వండి. మిగతా అంతా ఓనా. పేర్ల విషయంలో వాళ్ళ తీరు ఎలా ఉండేదో వాషింగ్టన్ వీలునామా చూస్తే తెలుస్తుంది. స్వాతంత్ర్య యుద్ధమంతా వెంట ఉన్న మనిషిని వెంటనే విడుదల చేస్తూ, ఏడాదికి 30 డాలర్లు ఇమ్మంటూ కూడా, 'విలియం, తనను విలియం లీ అని చెప్పుకునేవాడు' అని రాశారు. ఇంటిపేరు ఉండటం కూడా అతను చెప్పుకునే సంగతట.

ఇంటిపేరు అంటే గుర్తొచ్చింది. 'ఓనా జడ్జి' అని అచ్చేస్తే పిల్లలు ఆమెను న్యాయమూర్తి అనుకుంటారు. 'జడ్జ్' అని రాసి, మొదటిసారి వచ్చినచోట 'ఇంగ్లండ్ నుంచి ఒప్పంద కూలీగా వచ్చిన దర్జీ ఆండ్రూ జడ్జ్ కూతురు' అని చేర్చండి. 1797లో జాక్ స్టెయిన్స్ అనే నావికుణ్ణి పెళ్ళాడింది కాబట్టి అక్కడి నుంచి ఓనా స్టెయిన్స్. ప్రూఫ్ వచ్చాక ఇక్కడ పెట్టండి, ఎడిటర్ గారు మళ్ళీ ఉడాయింపు దూర్చారో లేదో చూద్దాం.