క్రిటాలో యానిమేషన్ లేయర్‌లోని ఫ్రేములన్నీ ఒకేసారి జరపడం ఎలా?

గీతలపిచ్చి:
క్రిటా 5.1 (బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్) వాడుతున్నాను. సంక్రాంతికి స్టేటస్‌లో పెట్టుకునేలా చిన్న గంగిరెద్దు యానిమేషన్ చేస్తున్నా. ఉన్నచోటే కాళ్ళు కదుపుతూ తల ఊపుతుంది, అంతే. ఒళ్ళు ఒక లేయర్, తల ఇంకో లేయర్, మెడలో గంటలు మూడోది. 36 ఫ్రేములూ గీసేశాక వెనక వాకిలి, ముగ్గు పెట్టి చూస్తే ఎద్దు నేల మీద లేదు, గాల్లో తేలుతోంది. కిందికి ఓ 90 పిక్సెల్స్, ఎడమకి కాస్త జరగాలి. మూవ్ టూల్‌తో లాగితే కనిపిస్తున్న ఫ్రేమ్ ఒక్కటే జరుగుతోంది, ప్లే చేస్తే ఎద్దు గోతిలో పడి లేచినట్టు గెంతుతోంది. ఒక్కో ఫ్రేమూ తెరిచి జరుపుకుంటూ పోవాలా, లేక వేరే దారేమైనా ఉందా?

సిరామరక:
ఒక్కొక్కటీ జరపకండి బాబూ, ఎంత జాగ్రత్తగా జరిపినా ఎక్కడో ఒక పిక్సెల్ తేడా వచ్చి బొమ్మ వణుకుతుంది. మూవ్ టూల్ పని ఆ ఫ్రేమ్‌లో ఉన్న బొమ్మ వరకే. మీక్కావలసింది ట్రాన్స్‌ఫార్మ్ మాస్క్, అంటే అసలు గీతల్ని ముట్టుకోకుండా పైనుంచి బొమ్మని జరిపి చూపించే పొర. ముందు ఆ మూడు లేయర్లనీ ఎంచుకుని కంట్రోల్ జి కొట్టి గ్రూప్ చేయండి, ఆ గ్రూప్ మీద రైట్ క్లిక్ చేసి యాడ్‌లోంచి ట్రాన్స్‌ఫార్మ్ మాస్క్ పెట్టండి. ఇప్పుడు లేయర్ల జాబితాలో ఆ మాస్క్‌నే క్లిక్ చేసి (గ్రూప్‌ని కాదు, చాలామంది బోల్తా పడేది ఇక్కడే) కంట్రోల్ టి నొక్కి బొమ్మని కిందికి లాగి ఎంటర్ కొట్టండి. చేత్తో లాగడం ఇష్టం లేకపోతే టూల్ ఆప్షన్స్‌లో ఎక్స్, వై అంకెలు నేరుగా ఇవ్వొచ్చు. ఫ్రేములన్నీ ఒకే కొలతలో జరుగుతాయి, అసలు గీతలకి ఏమీ కాదు, నచ్చకపోతే మాస్క్ పక్కనున్న కన్ను గుర్తు ఆఫ్ చేస్తే మళ్ళీ పాత చోటే. గ్రూప్‌కి పాస్ త్రూ (గ్రూప్‌ని ఒకే బొమ్మగా కాక లేయర్లని విడివిడిగా చూసే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే మాత్రం తీసేయండి.

కుంచెగాడు:
పైన చెప్పింది కరెక్టే కానీ ఒక తిరకాసు ఉంది, ముందే తెలియకపోతే పిచ్చెక్కుతుంది. మాస్క్ పెట్టాక మళ్ళీ ఆ లేయర్‌లో ఏదైనా సరిదిద్దబోతే గీత కర్సర్ ఉన్నచోట పడదు, మీ లెక్కన అయితే 90 పిక్సెల్స్ కింద పడుతుంది! బ్రష్ చెడిపోయిందనో ట్యాబ్లెట్ డ్రైవర్ పోయిందనో టెన్షన్ పడి అన్నీ రీఇన్‌స్టాల్ చేయకండి. మాస్క్ కన్ను ఆఫ్ చేసి, గీసుకుని, మళ్ళీ ఆన్ చేసుకోండి. నన్నడిగితే గీసే పని మొత్తం అయిపోయాకే మాస్క్ జోలికి వెళ్ళాలి.

గీతలపిచ్చి:
అయిపోయిందండీ, ఎద్దు ముగ్గు పక్కన బుద్ధిగా నిలబడింది, ఇద్దరికీ థాంక్స్. ఇప్పుడు ఆశ పెరిగింది. ఉన్నచోటే కాకుండా ఎడమ నుంచి కుడికి నడుచుకుంటూ వెళ్ళేలా ఇదే మాస్క్‌తో చేయొచ్చా?

సిరామరక:
చేయొచ్చు. 5.0 నుంచి ట్రాన్స్‌ఫార్మ్ మాస్క్‌కి కూడా కీఫ్రేములు (ఫలానా ఫ్రేమ్‌కి ఇక్కడుండాలి అని పెట్టే గుర్తులు) పెట్టుకోవచ్చు. మాస్క్ ఎంచుకుని యానిమేషన్ కర్వ్స్ డాకర్ (ప్యానెల్) తెరిచి మొదటి ఫ్రేమ్‌లో ఒక పొజిషన్, చివర ఒక పొజిషన్ ఇవ్వండి, మధ్యలోది క్రిటా చూసుకుంటుంది. అసలు కష్టం కాళ్ళ దగ్గర. నేలకి ఆనిన కాలు మీరు గీసిన బొమ్మల్లో ఒక్కో ఫ్రేమ్‌కి ఎంత వెనక్కి వెళ్తోందో చూడండి. అది 6 పిక్సెల్స్ అయితే మాస్క్ కూడా ఫ్రేమ్‌కి సరిగ్గా 6 పిక్సెల్సే ముందుకెళ్ళాలి. ఎక్కువైతే ఎద్దు జారుతుంది, తక్కువైతే ఉన్నచోటే తన్నుకుంటున్నట్టుంటుంది. అందుకే ఆ డాకర్‌లో పొజిషన్ మార్పుని చూపే కర్వ్ వంపు తిరగకుండా తిన్నని గీతలా ఉండాలి, మొదట్లో మెల్లగా చివర్లో మెల్లగా అనే సోకులు నడకకి పనికిరావు. ఒక్కో అడుగుకీ ఒక్కో కొలత గీసి ఉంటే మాత్రం మాస్క్ ఏమీ చేయలేదు, కాళ్ళు మళ్ళీ గీయాల్సిందే.

కుంచెగాడు:
ఇంకోటి. ఎవరైనా మాస్క్ లేకుండా జరిపిన బొమ్మలే ఫైల్‌లో ఉండాలి అంటే, మిగతా లేయర్లన్నీ దాచి రెండర్ యానిమేషన్‌లో ఇమేజ్ సీక్వెన్స్‌గా (ఫ్రేమ్‌కో బొమ్మ ఫైల్ చొప్పున) పీఎన్‌జీలు తీసి, ఇంపోర్ట్ యానిమేషన్ ఫ్రేమ్స్‌తో మళ్ళీ తెచ్చుకోవచ్చు. కానీ మూడు లేయర్లూ కలిసి ఒకటైపోతాయి, కాన్వాస్ అంచు దాటి ఉన్న కొమ్ములూ తోకలూ తెగిపోతాయి. మామూలుగా క్రిటా కాన్వాస్ బయట గీసింది కూడా దాచి ఉంచుతుంది, పీఎన్‌జీలో అది రాదు. పాత ఫైల్‌ని వేరే పేరుతో సేవ్ చేసుకున్నాకే ఈ పని మొదలుపెట్టండి.