ముఖం కడగ్గానే మంట: టోనర్ మార్చాలా, మానేయాలా?

రాజోలు రమ
అందరికీ నమస్కారమండి. ఇదివరకు మొహానికి ఏం రాసినా పడేది. ఈ వేసవి నుంచే తేడా వచ్చింది. కాలువలకి నీళ్ళు ఆపేశాక మా లంకలో బోరు నీళ్ళే గతి, సబ్బు నురగ కూడా రాదు. కడగ్గానే చెక్కిళ్ళు ఎర్రబడి చిటపటలాడుతున్నాయి. మా వదిన ఓ టోనర్ సీసా ఇచ్చింది, మొహం కడిగాక రాసుకునే నీళ్ళలాంటిది. దూదితో రాస్తే ముందు చల్లగా ఉండి, కాసేపటికి కారం పూసినట్టవుతోంది. వేరేది కొనాలా, అసలు మానేయాలా?

మండపేట మందులషాపు
ముందు ఆ సీసా పక్కన పెట్టేయండి. వెనక చిన్న అక్షరాల్లో ఆల్కహాల్ డినాట్, మెంథాల్, విచ్ హేజెల్, పర్‌ఫ్యూమ్ ఉన్నాయేమో చూడండి. ఆ చల్లదనం ఆల్కహాల్ ఆవిరైపోతుంటేనో, మెంథాల్ వల్లో వచ్చేదే, చర్మానికి చేసిన మేలేం కాదు. మన చర్మం పీహెచ్, అంటే పులుపు-క్షారాల కొలత, 5 దగ్గర ఉంటుంది, మామూలు సబ్బుది 9, 10. ఆ బోరు నీళ్ళతో కడిగితే సబ్బు తెట్టు మొహమ్మీదే ఉండిపోతుంది. సబ్బు మాని, సబ్బు లేని మెత్తటి ఫేస్‌వాష్ వాడండి. ఆ తర్వాత కూడా టోనర్ కావాలనిపిస్తే గ్లిజరిన్ లాంటివి ఉండి, సువాసన కలపనిది తీసుకోండి. మోచేతి మడతలో రోజుకు రెండుసార్లు చొప్పున వారం, పది రోజులు రాసి చూశాకే మొహానికి. దూదితో రుద్దొద్దు, అరచేత్తో అద్దుకోండి.

కడియం గులాబి
ఏంటండీ ఈ రసాయనాల పాఠం? మా కడియపులంక పూలమార్కెట్లో గులాబీలకు కరువా? రేకలు మరగబెట్టి వడగట్టుకుంటే అదే టోనర్. మా నాయనమ్మ పోయేదాకా మొహమ్మీద మచ్చ లేదు.

భీమవరం బుల్లోడు
మా వైపు రొయ్యల చెరువుల పుణ్యమా అని బోర్లన్నీ ఉప్పే. రమగారూ, మొహం వరకూ ఫిల్టరు నీళ్ళు వాడి చూడండి.

మండపేట మందులషాపు
గులాబిగారూ, దండలకి పెంచే పూలమీద పురుగుమందు కొడతారని మీకు తెలీనిదా? ఆవిరి పట్టి తీసిన పన్నీరు వేరు, మీరు మరగబెట్టింది వేరు. అందులో పాడవకుండా ఆపేదేమీ ఉండదు. అసలు గులాబి వాసనంటేనే ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్, జెరానియాల్, సిట్రనెలాల్. జెరానియాల్ పడక మొహం దద్దుర్లెక్కేవాళ్ళుంటారు.

కడియం గులాబి
మరి మీరమ్మే మాయిశ్చరైజర్ వెనక సిటైల్ ఆల్కహాల్ అని ఉంటుంది, నేను చూశాను. గులాబీలో ఉంటే విషం, మీ షాపులో ఉంటే అమృతమా?

మండపేట మందులషాపు
సిటైల్, సిటియరైల్ మైనంలా గట్టిగా ఉండే కొవ్వు రకాలండి. అవి చర్మాన్ని ఎండగట్టవు, మెత్తబరుస్తాయి.

కడియం గులాబి
ఆల్కహాలంటే ఆల్కహాలే.

తణుకు తాతయ్య
శెనగపిండి మాట ఎవరూ ఎత్తరేంటి?

మండపేట మందులషాపు
ఇంత విడమర్చి చెప్పినా అక్కడే ఉంటే ఏం చేస్తాం. చదువుకోనివాళ్ళకి చెప్పొచ్చు, వినకూడదనుకున్నవాళ్ళకి చెప్పలేం.

కడియం గులాబి
చదువుకున్నోళ్ళ సంగతి చూశాం లెండి. పెళ్ళిచూపులకి ముందు మా చెల్లికి ఓ మందులషాపులో రంగు తేలుతుందని ట్యూబు చేతిలో పెట్టారు. డాక్టరు చీటీ అడగలేదు. మొదట్లో మొహం మెరిసింది. ఆపిందో లేదో ఎర్రగా పొంగిపోయింది. ఇప్పటికీ ముక్కు పక్కన సన్నటి ఎర్ర నరాలు కనపడతాయి, గడ్డం మీద నూగు. ఎండలోకి వస్తే మంట. ఆ కౌంటరు వెనకాయన కూడా మీలాగే పీహెచ్ గురించి చెప్పాడు. అందుకే సీసామీద ఏం రాసున్నా నేను నమ్మను, నా గిన్నెలో మరిగిందే రాసుకుంటాను.

మండపేట మందులషాపు
అది స్టెరాయిడ్ పనండి. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటాసోన్ అనే స్టెరాయిడ్ కలిపిన ట్యూబయ్యుంటుంది. అలాంటి స్టెరాయిడ్ క్రీములు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం షెడ్యూల్ హెచ్‌లో పెట్టింది. అమ్మినవాడిది తప్పే. కానీ చీటీ అడిగితే మొహం మాడ్చుకుని పక్క షాపుకి పోయేదెవరు? పిల్ల నలుపని బెంగపెట్టుకున్న తల్లులే కదా. ఇవ్వనన్నందుకు నేను పడే మాటలు మీకేం తెలుసు?

కడియం గులాబి
అంటే తప్పు మా అమ్మదంటారు.

మండపేట మందులషాపు
నేనలా అన్లేదు.

కడియం గులాబి
అదే అన్నారు.

రాజోలు రమ
మీరిద్దరూ ఒక్క నిమిషం ఆగండి. టోనర్‌తో పాటు వదిన రాత్రిపూట రాసుకోమని ఓ ట్యూబు కూడా ఇచ్చింది. వేసవి మొదట్నుంచీ అదే రాస్తున్నాను. ఇప్పుడే తీసి చూశాను, మీరు రాసిన మూడు పేర్లూ దానిమీద ఉన్నాయి.

మండపేట మందులషాపు
అమ్మా, ఇంక టోనర్ మాటొద్దు. నీళ్ళమీదా నెపం పెట్టొద్దు. స్టెరాయిడ్‌ని ఉన్నపళంగా ఆపితే మంట ఇంకా రేగొచ్చు, అలాగని రాస్తూ పోకూడదు. ఎలా తగ్గించాలో చర్మం డాక్టరే చెప్పాలి. రేపే ట్యూబూ, సీసా రెండూ పట్టుకెళ్ళి చూపించండి. గొడుగు లేకుండా ఎండలోకి వెళ్ళకండి.

కడియం గులాబి
డాక్టరు దగ్గరికి తప్పకుండా వెళ్ళండమ్మా. అలాగే వదినగారు ఆ ట్యూబు ఏ షాపులో కొన్నారో, వాళ్ళు చీటీ అడిగారో లేదో కనుక్కుని ఇక్కడ రాయండి. మండపేటాయన చదవాలి.