పాత సీపీయూలోని ఎస్‌ఎంపీఎస్ చాలదా, కొత్త పవర్ సప్లై కొనాల్సిందేనా?

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం):
మా గుంటడు పాలిటెక్నిక్‌లో ఈసీఈ చదువుతున్నాడు. ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర నెట్ సెంటర్ ఒకటి ఎత్తేస్తుంటే పాత సీపీయూలు తూకానికి కొని తెచ్చాడు. వాటిలో ఒకదాని ఎస్‌ఎంపీఎస్ (లోపల కరెంటు ఇచ్చే డబ్బా) పెట్టి ఎల్‌ఈడీ స్ట్రిప్పులు, చిన్న మోటార్లు నడుపుతానంటాడు. మా బావమరిది ఎలక్ట్రీషియన్. "తుక్కుతో, కరెంటుతో ఆటలేటి బావా, కొత్త సప్లై కొనిచ్చేయ్" అంటాడు. కొత్తదంటే వేలల్లో ఉంది. ఎవరి మాట వినమంటారు?

సిరీస్ బల్బు (విజయనగరం):
పిల్లాడి మాటే వినండి. ఏటీఎక్స్ (డెస్క్‌టాపుల్లో మామూలుగా ఉండే రకం) ఎస్‌ఎంపీఎస్ అయితే పచ్చ వైరుని నల్ల వైరుకి కలిపితే చాలు, ఆన్ అయిపోద్ది. పసుపు 12 వోల్టులు, ఎరుపు 5, నారింజ 3.3. ప్రాజెక్టులకి ఇంకేం కావాలి? ఒక్కటే కిటుకు: పాత వాటికి 5 వోల్టుల లైను మీద ఎంతో కొంత లోడు, అంటే కరెంటు తాగేది ఏదో ఒకటి, ఉండాలి. లేకపోతే 12 లైను కిందికి జారుతుంది, ఒక్కోసారి అసలు ఆనే అవదు. 10 ఓమ్స్, 10 వాట్ల సిమెంట్ రెసిస్టర్ ఒకటి ఎరుపుకీ నలుపుకీ మధ్య వేసేయమనండి. అర ఆంపియర్ తాగుతుంది, వేడెక్కుతుంది, ఫ్యాను గాలి తగిలేచోట బిగిస్తే సరి.

ఎచ్చెర్ల ఈసీఈ:
అన్నా, రంగులు అందరూ చెప్తారు. కరెంట్ లిమిట్ సంగతేటి? స్టిక్కర్ చూడండి, 12 వోల్టుల లైను మీద పది, పదిహేను ఆంపియర్లు రాసుంటుంది. నేర్చుకునేవాడు బ్రెడ్‌బోర్డ్ (వైర్లు గుచ్చి సర్క్యూట్ కట్టే పలక) మీద ఒక వైరు తప్పు పెడితే ఎస్‌ఎంపీఎస్‌కి అది షార్ట్‌లాగే అనిపించదు, లోడే అనుకుని ఇస్తూ పోతుంది. ఇన్సులేషన్ కరిగి పొగ వచ్చేదాకా ట్రిప్ అవదు. కొత్తగా కొనే బెంచ్ సప్లైలో అయితే నాబ్ తిప్పి 100 మిల్లీ ఆంపియర్ల దగ్గర ఆపొచ్చు. తప్పు చేసినా ఐసీ మిగులుతుంది. ఆ వేలు ఖర్చయ్యేది దీనికే.

సిరీస్ బల్బు:
తమ్ముడూ, నా పేరు చూశావా? బండి ఇండికేటర్ బల్బు, 12 వోల్టులు 10 వాట్లది, పసుపు వైరుకి సిరీస్‌లో పెట్టు. ఎంత షార్ట్ అయినా ముప్పాతిక ఆంపియర్ దాటి పెద్దగా పోదు, బల్బు వెలిగి తప్పుందని చెప్తుంది. పని కుదిరాక బల్బు తీసి ఫ్యూజు వేసుకో.

ఎచ్చెర్ల ఈసీఈ:
బల్బు వెలిగినకొద్దీ వోల్టేజీ పడిపోద్ది కదన్నా. మోటార్ స్టార్ట్ అవుతుంటే సర్క్యూట్‌కి 12 ఎక్కడ మిగులుతుంది? పరీక్షకి పనికొస్తుంది, ఒప్పుకుంటాను. సప్లై అనిపించుకోదు.

పాత బోర్డుల మాస్టారు (బొబ్బిలి):
ఇద్దరూ 12 వోల్టుల దగ్గరే కొట్టుకుంటున్నారు. నేను చాలాకాలం కంప్యూటర్లు రిపేర్ చేశాను, నాకు భయం అటు 230 వైపు. ఎస్‌ఎంపీఎస్ బాడీ ముట్టుకుంటే జిల్లుమని లాగుతోందంటే లోపల ఏదో పోయిందనుకుంటారు. చాలాసార్లు ఏమీ పోయి ఉండదు. లోపలి ఫిల్టర్ కెపాసిటర్లు ఫేజు నుంచి, న్యూట్రల్ నుంచి బాడీకి కట్టి ఉంటాయి. ఎర్త్ ఉంటే ఆ లీకేజీ భూమిలోకి పోతుంది. మూడో పిన్ను ఉత్తుత్తిదే అయితే బాడీ మీద సుమారు సగం మెయిన్స్ వోల్టేజీ నిలబడుతుంది. పోయే కరెంటు కొద్దిదే గానీ, నల్ల వైర్లన్నీ ఆ బాడీకే కదా, మీ ప్రాజెక్టు గ్రౌండు కూడా ఆ వోల్టేజీ మీదే ఉంటుంది. మన ఊళ్లలో ఎర్త్ గుంతకి ఉప్పూ బొగ్గూ వేసింది ఇల్లు కట్టిన రోజునే, వేసవిలో నీళ్లు పోసే దిక్కుండదు.

ఇక డబ్బా మూత మాత్రం ఎవరూ విప్పొద్దు. 230 ఏసీ రెక్టిఫై అయితే 325 వోల్టుల డీసీ దాకా ఉంటుంది, ప్లగ్గు పీకినా పెద్ద కెపాసిటర్లలో కాసేపు నిలవుంటుంది. ఒక్కోసారి చాలాసేపు. అందులో ఉన్న పార్టుల కోసం అంత సాహసం అక్కర్లేదు. సీపీయూలో పీక్కోవాల్సినవి వేరే ఉన్నాయి: 12 వోల్టుల ఫ్యాన్లు, హీట్ సింకులు, కనెక్టర్లు. హార్డ్ డిస్క్ అయస్కాంతాలు బలమైనవి, వేలు మధ్యలో పెట్టకండి. దాని మోటారు మూడు ఫేజులది, డ్రైవర్ లేనిదే తిరగదు. డీవీడీ రైటర్ లేజర్ జోలికి వెళ్లొద్దు, కళ్లు పోతాయి. 2000ల మొదట్లోని మదర్‌బోర్డులైతే కెపాసిటర్లు తల ఉబ్బి ఉంటాయి, వాటిని పీకి దాచుకోవడం శుద్ధ దండగ.

ఉద్దానం కొబ్బరి (పలాస):
వైజాగ్ వెళ్లి కొత్తది కొనేస్తే పోలా? తిత్లీ తుపాను అప్పుడు, 2018 అక్టోబరులో, కరెంటు లేక ల్యాప్‌టాప్ పాత సెల్స్‌తో ఫోన్లు చార్జి చేసుకున్నాం, అదో కథ.

ఎచ్చెర్ల ఈసీఈ:
ఆ కథకి వేరే టాపిక్ పెట్టండి గురూ, లిథియం సెల్స్ గొడవ దీనికంటే పెద్దది. మాస్టారూ, మూత విప్పకుండా వాడితే మీకు ఓకేనా?

పాత బోర్డుల మాస్టారు:
మూత మూసి ఉండాలి, ఎర్త్ నిజంగా ఉండాలి, ఒక్కో లైనుకి ఫ్యూజు ఉండాలి. అప్పుడు ఓకే. తరవాత డబ్బులు చేరితే నువ్వు చెప్పినదే కొనుక్కోవాలి, అందులో వాదన లేదు.

నాగావళి ఒడ్డు:
మా బావమరిది మీటర్ పెట్టి చూశాడు. ఫేజుకీ న్యూట్రల్‌కీ 230 ఉంది, ఫేజుకీ ఎర్త్‌కీ వంద కూడా లేదు, అంటే మా ఎర్త్ ఉత్తుత్తిదే. "చెప్పానా లేదా" అని మీసం తిప్పుతున్నాడు. ఎస్‌ఎంపీఎస్ అటకెక్కింది. ఇప్పుడు ఇంట్లో అందరూ కొత్త సప్లై వైపే.

సిరీస్ బల్బు:
బాబూ, ఆ కొత్తదాన్నీ అదే సాకెట్‌లో కదా పెట్టేది. ముందు ఎర్త్ గుంత తవ్వించండి.