హేయాన్ షోదాన్‌ను ఏళ్ల తరబడి ఎందుకు సాధన చేయాలి?

ప్రశ్న

నలభయ్యో ఏట మా అమ్మాయితో పాటు షోటోకాన్ శైలి కరాటేలో చేరాను. రెండేళ్లు గడిచినా మా మాస్టరుగారు ప్రతి తరగతిని హేయాన్ షోదాన్ కటాతోనే (కటా అంటే ఒంటరిగా చేసే, ముందే నిర్ణయించిన కదలికల వరుస) మొదలుపెడతారు. అందులో ఉన్నవి 21 కదలికలే. వాటి వరుస నాకు మొదటి నెలలోనే కంఠతా వచ్చింది. ఎదుట ప్రత్యర్థి లేకుండా గాలిని అడ్డుకుంటూ, గాలిని గుద్దుతూ అటూ ఇటూ తిరగడం వల్ల ఒనగూరేదేమిటో నాకు బోధపడడం లేదు. "కరాటేలో తొలి దెబ్బ లేదు" అన్న వాక్యం మా డోజో (సాధనశాల) గోడ మీద రాసి ఉంది. ఆ తత్త్వానికీ ఈ సాధనకూ నిజంగా సంబంధం ఉందా, లేక ఒకటి నీతిబోధగా, రెండోది వ్యాయామంగా వేటికవి మిగిలిపోయాయా? అనుభవమున్నవారు దయచేసి వివరించగలరు.

మొదటి సమాధానం

ఈ కటా పుట్టుక తెలిస్తే మీ సందేహం కొంత తీరుతుంది. ఒకినావాలో ఇటోసు అంకో గారు 20వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో కరాటేను పాఠశాలల్లో ప్రవేశపెట్టినప్పుడు, పిల్లలకు అందేలా ఐదు పినాన్ కటాలను కూర్చారు. 1922లో టోక్యో వెళ్లి అక్కడే స్థిరపడిన, షోటోకాన్ శైలికి మూలగురువైన ఫునాకోషి గిచిన్ గారు వాటికి హేయాన్ అని పేరు పెట్టి, మొదటి రెండింటి వరుసను తారుమారు చేశారు. అందుకే మీ హేయాన్ షోదాన్ ఇతర శైలులలో పినాన్ నిదాన్‌గా కనిపిస్తుంది. తరగతి మొత్తం ఒకేసారి కదిలే పద్ధతి వచ్చాక, ఏ కదలిక దేనికి అన్న వివరణ, అంటే బుంకాయ్, వెనకబడిపోయిందని నా అభిప్రాయం. మీ విసుగుకు మూలం కటాలో లేదు, ఆ లోటులో ఉంది.

నాలుగో కదలికనే తీసుకోండి. కుడి చేత్తో కిందికి అడ్డుకున్న వెంటనే, ముందున్న కుడి పాదాన్ని వెనక్కి లాగుతూ, అదే చేతిని పైనుంచి వలయంగా తిప్పి పిడికిలి అడుగు భాగాన్ని సుత్తిలా దించుతాం. ఎదుటివాడు మన మణికట్టు పట్టుకున్నాడని ఊహిస్తే ఇదంతా ఒక్కసారిగా అర్థవంతమవుతుంది: పాదం వెనక్కి రావడంతో ఒంటి బరువంతా ఆ లాగుడులో చేరుతుంది, పట్టు అతని బొటనవేలి వైపు నుంచి ఊడుతుంది, ఊడిన చేయే దెబ్బగా దిగుతుంది. అలాగే ప్రతి గుద్దుతోనూ రెండో చేతిని నడుము దగ్గరికి లాగే హికిటే కేవలం అందం కోసం పెట్టింది కాదు, ఎదుటివాడి చేతినో బట్టనో పట్టి లాగే చేయి అది. మీ అమ్మాయిని మణికట్టు గట్టిగా పట్టుకోమని చెప్పి, పాదం లాగకుండా ఒకసారి, లాగి ఒకసారి చేసి చూడండి.

రెండో సమాధానం

తత్త్వం సంగతి నేను చెబుతాను. గోడ మీది వాక్యం ఫునాకోషి గారి ఇరవై సూత్రాలలో రెండవది. హేయాన్ కటాలు ఐదూ అడ్డుకోవడంతోనే మొదలవుతాయి. కాబట్టి ఆ సూత్రాన్ని మీరు రోజూ ఒంటితో చదువుతున్నారు. చివరి షుటో ఉకే (అరచేతి అంచుతో అడ్డుకోవడం) తరువాత చూపు చెదరకుండా కొన్ని క్షణాలు నిలబడే జాన్షిన్‌ను గమనించండి. గెలవడానికి ఎదుట మనిషి లేనప్పుడు కూడా ఆ నిలకడను తొందరపడి వదిలేయకపోవడం ఎంత కష్టమో రెండేళ్ల సాధకుడిగా మీకు తెలిసే ఉంటుంది. రెచ్చగొట్టినప్పుడు చేయి లేవకుండా ఆపేది ఆ అలవాటేనని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

కరాటేలోని "కర" ఒకప్పుడు చైనాను సూచించే అక్షరంతో రాసేవారు. 1936లో నాహాలో సమావేశమైన ఒకినావా గురువులు ఖాళీ అనే అర్థమున్న అక్షరాన్ని ఆమోదించారు. బౌద్ధంలోని శూన్యానికి చైనా అనువాదకులు వాడినదీ ఆ అక్షరమే. అయితే కరాటేకు మూలపురుషుడు బోధిధర్ముడేనని మనవాళ్లు గర్వంగా చెప్పుకునే మాట ఐతిహ్యమే తప్ప చరిత్ర కాదు. కరాటే బౌద్ధం నుంచి గానీ, కన్ఫ్యూషియస్ బోధనల నుంచి గానీ వచ్చినది కాదని ఇటోసు గారు 1908 నాటి లేఖ ఆరంభంలోనే రాశారు.

మూడో సమాధానం

నేను కరాటేలోని మరో శైలి గోజు-ర్యూ సాధకుణ్ణి. పై బుంకాయ్ వివరణతో ఏకీభవిస్తూనే ఒక మాట చేర్చాలి: ప్రతి కటాలోనూ పోరాట రహస్యమే వెతకనక్కరలేదు. మా శైలి స్థాపకులు మియాగి చోజున్ గారి సంప్రదాయంలో సాన్‌చిన్ కటా శ్వాసను, వెన్నును, పాదాల పట్టును తీర్చిదిద్దడానికే ఉంది; చేస్తున్నప్పుడు గురువు భుజాల మీద, తొడల మీద చరిచి బిగువును పరీక్షిస్తారు. ఒక కదలిక శరీరాన్ని పెంచడానికా, ప్రయోగించడానికా అన్నది తేల్చుకుని సాధన చేయమని ఇటోసు గారి లేఖలోనే ఉంది. ఇక రెండేళ్ల విషయానికి వస్తే, ఫునాకోషి గారు మూడు టెక్కి కటాల మీదే పదేళ్లు గడిపారు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం మా అమ్మాయి చేత మణికట్టు పట్టించుకుని చూశాను. పాదం కదపకుండా చేతి బలంతో లాగితే పదకొండేళ్ల పిల్ల పట్టు కూడా వెంటనే వదలలేదు. పాదం, తుంటి, చేయి ఒకేసారి కదిలినప్పుడు తేలిగ్గా ఊడింది. రెండేళ్లుగా నేను చేయి తిప్పిన తరువాతే పాదం లాగుతున్నానని అప్పుడు తెలిసింది. ఈ తప్పును మాస్టరుగారు ఎన్నోసార్లు ఎత్తిచూపారు. రేపటి తరగతిలో ఏడు నుంచి తొమ్మిది వరకు వచ్చే మూడు అగే ఉకేల (చేతిని పైకెత్తి అడ్డుకోవడం) గురించి ఆయననే అడుగుతాను.