స్లీవ్ చేయించుకుని 8 నెలలు, 7 వారాలుగా ముల్లు కదలట్లేదు. తప్పు నాదేనా?

సీతాఫలం:
అందరికీ నమస్కారం. నాకు 41 ఏళ్లు, ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు. ఎనిమిది నెలల క్రితం హైదరాబాద్‌లో స్లీవ్ ఆపరేషన్ (బరువు తగ్గడానికి పొట్ట చిన్నది చేసేది) చేయించుకున్నాను. అప్పుడు 112 కిలోలు, ఇప్పుడు 86. ఏడు వారాలుగా అక్కడే ఉంది. షుగర్ బిళ్లలు డాక్టరే ఆపేశారు, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు) 9.1 నుంచి 5.8కి దిగింది. కానీ ఇంట్లో పొద్దున మెషీన్ దిగేలోపే "ఎంత?" అంటారు. మా ఆడపడుచయితే "పొట్ట కోయించుకుని కూడా ఇంతేనా" అనేసింది. డైటీషియన్‌ని అడిగితే వాట్సాప్‌లో పాత చార్టే మళ్లీ పంపారు. తినేది నిజంగా తక్కువే. మధ్యాహ్నం చిన్న కప్పు అన్నం, పప్పు, చివర్న మజ్జిగ. ఎవరికైనా ఇలా ఆగిందా?

లెక్కల మాస్టారు:
తిన్నదీ ఖర్చయిందీ సమానమైతే బరువు ఆగుతుందమ్మా, అంతే. "తక్కువే" అనేది అంకె కాదు. ఎన్ని గ్రాములో రాయండి. పైగా అన్నం చివర మజ్జిగా! భోజనంతో ద్రవాలు వద్దని ఆపరేషన్‌కి ముందే చెబుతారు కదా.

పల్నాటి ఘాటు:
మజ్జిగ లేకపోతే భోజనం అయిపోయినట్టు ఎలా తెలుస్తుంది మాస్టారూ?

స్లీవ్ అక్క:
సీతాఫలం గారూ, నాది 2019లో అయింది. మూడో వారంలో ఓసారి ఆగింది, ఏడో నెలలో రెండు నెలలు ఆగింది. రెండుసార్లూ ఏడ్చాను. మీరు తగ్గిన 26 కిలోలంటే దాదాపు నిండు గ్యాస్ బండ. ఇన్నాళ్లూ దాన్ని మోస్తూ మెట్లెక్కారు కాబట్టి ఒళ్లు ఎక్కువ ఖర్చుపెట్టేది. ఇప్పుడు బండ దించారు, ఖర్చూ తగ్గింది. దానికితోడు ఇంత వేగంగా తగ్గితే ఒంటికి కరువొచ్చిందనిపించి ఇంకాస్త పొదుపు చేస్తుంది. మాస్టారి లెక్కలో ఈ పొదుపు ఎక్కడుంది? మీ గాజుల సైజు చూడండి. ఆ రెండు నెలల్లో నాకు కిలో తగ్గలేదు గానీ 2-8 గాజులు జారిపోయి 2-6 కొనుక్కున్నాను.

లెక్కల మాస్టారు:
గాజులు సరే. మజ్జిగ సంగతి ఎవరూ మాట్లాడరేం? స్లీవ్‌లో పొట్ట మూడొంతులకు పైగా తీసేస్తారు. మిగిలిన గొట్టంలో తిన్నది కాసేపు నిలిస్తేనే కడుపు నిండినట్టుంటుంది. దానిమీద మజ్జిగ పోస్తే తోసుకుపోతుంది, మళ్లీ ఆకలి. అరగంట ఆగాలి.

పల్నాటి ఘాటు:
పెరుగన్నం ద్రవమా, ఘనమా?

నైట్ డ్యూటీ:
నేను నర్సుని. అరగంట మాట నిజమే, కానీ ఒక్క మజ్జిగ వల్లే ఏడు వారాలు ఆగదు. రోజుకి 60 గ్రాములకు తగ్గకుండా ప్రొటీన్ అందుతోందా చూసుకోండి, లేకపోతే కండ కరుగుతుంది. కరకరలాడేవి నోట్లోనే పిండయి జారిపోతాయి, కడుపు నిండదు. అదే కోడిగుడ్డో పెసరట్టో అయితే రెండు ముక్కలకే చాలనిపిస్తుంది. థైరాయిడ్, బీ12, ఐరన్ పరీక్షలు చేయించండి. వాడే మందులన్నీ సర్జన్‌కి చెప్పండి. స్టెరాయిడ్ల లాంటివి కూడా బరువు తగ్గకుండా ఆపుతాయి.

స్లీవ్ అక్క:
ఇంకో మాట. ఐదో ఏట నాకు 11 కిలోలు తిరిగొచ్చాయి. 2025లో బరువు తగ్గించే మందు టిర్జెపటైడ్ మన దేశానికి వచ్చాక డాక్టర్ రాస్తే ఆ ఇంజెక్షన్ మొదలుపెట్టాను. సిగ్గేం లేదు.

లెక్కల మాస్టారు:
అదీ విషయం! లక్షలు పోసి ఆపరేషన్, మళ్లీ నెలనెలా వేలకు వేలు ఇంజెక్షన్. మరి కోయించుకోవడం ఎందుకు? నోరు కట్టుకోలేనివాళ్లకి ఏ వైద్యమూ సరిపోదు.

స్లీవ్ అక్క:
గుండెకి స్టెంట్ వేశాక కూడా బిళ్లలు వాడతారు. "మరి స్టెంట్ ఎందుకు" అని వాళ్లని అడిగారా ఎప్పుడైనా? అసలు మీకు అయిందా ఆపరేషన్?

లెక్కల మాస్టారు:
నాకు కాదు, మా ఆవిడకి. 2021లో. ఊళ్లో ఉన్న ఒక్క ప్లాటూ అమ్మాను. 30 తగ్గింది, 14 మళ్లీ వచ్చాయి. చెగోడీల డబ్బా ఖాళీ అవుతుంది, ఎవరు తిన్నారంటే మాట్లాడదు. అబద్ధం ఆడకుండా ఒక్క అంకె చెప్పమంటే తప్పా? డబ్బు పెట్టినవాడికి అడిగే హక్కు లేదా?

పల్నాటి ఘాటు:
అబ్బా.

స్లీవ్ అక్క:
ప్లాటు అమ్మారు, కష్టమే, కాదనను. కానీ ఆమె ఒళ్లు మీరు కొన్న ప్లాటు కాదు. మా ఆయన కూడా గోడకి క్యాలెండర్ తగిలించి రోజూ నా బరువు రాసేవాడు. నేను వంటింటి తలుపు చాటున నిలబడి మైసూర్‌పాకు మింగేదాన్ని, నమలకుండా. ఆకలేసి కాదు. సరే, అడిగే హక్కే ఉందనుకుందాం. ఆమె మోకాళ్లు ఎలా ఉన్నాయని ఎప్పుడైనా అడిగారా?

లెక్కల మాస్టారు:
మోకాళ్లకేం, బాగానే ఉన్నాయి. 2023లో అలిపిరి మెట్లు నాకంటే ముందెక్కింది. అది వేరే విషయం.

నైట్ డ్యూటీ:
వేరే విషయమా!

లెక్కల మాస్టారు:
ప్లాటు ఇప్పుడు మూడింతలు పలుకుతోంది. మీకేం తెలుసు.

సీతాఫలం:
నా ప్రశ్న ఎటో పోయింది గానీ, మూడు రోజులు తిన్నవన్నీ రాశాను. నిన్నటిది పెడుతున్నా. పొద్దున 5:50 కాఫీ, రెండు చెంచాల చక్కెర. 8కి ఒక ఇడ్లీ. 10:30కి కాఫీ. 1కి పావు కప్పు అన్నం, పప్పు, మజ్జిగ. 4కి మళ్లీ కాఫీ, మావాడి డబ్బాలోంచి జంతికలు, ఎన్నో లెక్కలేదు. రాత్రి సగం చపాతీ, ఒక గుడ్డు. ప్రొటీన్ 25 గ్రాములు కూడా దాటలేదు. నాలుగు గంటల జంతికలు రాసేదాకా నాకే గుర్తులేవు, ఒట్టు.

మాస్టారూ, అంకెలు కావాలన్నారు, నిజమే. కానీ ఈ కాగితం మా ఇంట్లో ఎవరికీ చూపించను. గురువారం సర్జన్ దగ్గరికి తీసుకెళ్తాను. మెషీన్ బీరువా మీదికి ఎక్కించాను. మా ఆయన వెతుకుతున్నారు.

లెక్కల మాస్టారు:
నాలుగింటికా? మా ఆవిడా ఆ టైముకే. నేను ట్యూషన్‌కి బయల్దేరేది మూడున్నరకి.