మొదటిసారి వరద డ్యూటీ, 5 వాట్ల హ్యాండ్‌సెట్ సరిపోతుందా?

అవిలాల_ఆంటెన్నా:
అందరికీ నమస్కారం. తిరుపతి నుంచి రాస్తున్నా. హ్యామ్ (సరదాగా రేడియోలో మాట్లాడుకునేవాళ్ల) లైసెన్స్ వచ్చి నాలుగు నెలలైంది, రిస్ట్రిక్టెడ్ గ్రేడ్, అంటే మొదటి మెట్టు. ఇప్పటిదాకా ఆదివారం పొద్దున రేడియో నెట్‌లో (అందరం ఒకే ఫ్రీక్వెన్సీలో కలుసుకునే వేళ) "సిగ్నల్ ఎలా ఉంది", "ఈరోజు టిఫినేంటి" తప్ప మైకులో ఇంకేమీ మాట్లాడలేదు. నిన్న మా గ్రూపు పెద్దాయన ఫోన్ చేశారు. బంగాళాఖాతంలో అల్పపీడనం వాయుగుండమయ్యేలా ఉందట, అధికారులు అడిగితే సూళ్లూరుపేట వైపో రాయలచెరువు దగ్గరో రేడియోతో కబుర్లు అందించడానికి కూర్చోవాల్సి రావచ్చన్నారు. సరే సార్ అనేశాను. ఫోన్ పెట్టేశాక కడుపులో తిప్పడం మొదలైంది.

2021 నవంబర్ వానలకు ఆటోనగర్‌లో మా పిన్ని ఇంట్లోకి నీళ్లొచ్చాయి. రాత్రంతా ఫోన్ కలవలేదు. ఈ లైసెన్స్ పిచ్చి నాకు అక్కడే పట్టింది. కానీ ఇప్పుడు టెన్షన్‌గా ఉంది. నా దగ్గరున్నది 5 వాట్ల హ్యాండ్‌సెట్, రెండు బ్యాటరీలు. 50 వాట్ల రిగ్ (పెద్ద రేడియో సెట్) కొనెయ్యనా? అమ్మకు ఇంకా చెప్పలేదు.

గుట్టమీద_గూడు:
కొనెయ్యండి. పవరుంటే ధైర్యం.

చంద్రగిరి_పాతకాపు:
కొనొద్దమ్మా. నాలుగు రోజుల్లో వాన వస్తుందనగా కొత్త రిగ్ కొంటే, మెనూ పుస్తకం చదవడానికే ఆ నాలుగు రోజులూ సరిపోతాయి. చేతికి అలవాటైన సెట్టే తీసుకెళ్లు.

పవర్ సంగతి కూడా చెప్తా. సూళ్లూరుపేట తిరుపతికి రోడ్డు మీద 80 కిలోమీటర్ల పైమాటే. అంత దూరం వీహెచ్‌ఎఫ్‌లో (మన హ్యాండ్‌సెట్ వాడే, దాదాపు చూపు మేరకే పోయే తరంగాల్లో) నేరుగా 5 వాట్లూ పోదు, 50 వాట్లూ పోదు. రాయలచెరువు దగ్గరే ఉన్నా గుట్టల చాటున ఉంది. గుట్ట అడ్డమొస్తే వాట్లు పెంచినా పెద్దగా లాభముండదు, మనమే జరగాలి. దూరం మాట్లాడటానికి సీనియర్ ఎవరో ఒకరు హెచ్‌ఎఫ్ సెట్ (ఆకాశం పైపొరలను తాకి తిరిగొచ్చే తరంగాల సెట్) పెడతారు. పగలు 40 మీటర్ల (తరంగం పొడవు) బ్యాండ్, దానికి 20 మీటర్ల వైరే ఆంటెన్నా. వైరు మరీ ఎత్తున కట్టరు, మూడు నాలుగు మీటర్లు చాలు. అప్పుడు సిగ్నల్ నెత్తి మీదికి నిలువుగా వెళ్లి మళ్లీ చుట్టుపక్కల జిల్లాల మీదే పడుతుంది. పొద్దుగూకితే 80 మీటర్లకు మారతారు. ఆ 100 వాట్ల సెట్ మాట్లాడేటప్పుడు 20 ఆంపియర్ల దాకా లాగుతుంది, కాబట్టి కారు బ్యాటరీ ఆయన తిప్పలు. పునరావాస కేంద్రానికీ ఆ హెచ్‌ఎఫ్ బల్లకూ మధ్య కబురు మోయడం నీ పని. దానికి 5 వాట్లు ధారాళం, చాలాసార్లు 1 వాట్ చాలు. బ్యాటరీ కూడా మిగులుతుంది.

అసలు చిక్కు ఎక్కడొస్తుందంటే, నా మొదటి డ్యూటీ సంగతి విను. "అరవై మందికి భోజనం" అని చెప్పాను. ఆ బరబరలో అవతలాయనకు "ఇరవై" అని వినబడింది. చదివి వినిపించమని నేను అడగలేదు, ఆయనా వినిపించలేదు. ఇరవై పొట్లాలొచ్చాయి. పిల్లల తల్లులు నా మొహం చూస్తుంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అప్పట్నుంచీ అంకె అంకె విడగొట్టి చెప్తా: ఆరు, సున్నా. మూడు, ఏడు కూడా ఇలాగే కొంప ముంచుతాయి. ఊరి పేరు ఒక్కటే చెప్పకు, పక్కన మండలం చేర్చు. రామచంద్రాపురాలు ఎన్నున్నాయో నీకు నేను చెప్పాలా!

మైకు నొక్కేముందు కబురంతా కాగితం మీద రాసుకో. నంబరు, టైము, ఎవరి నుంచి, ఎవరికి, విషయం. పెన్ను వద్దు, పెన్సిల్. తడి కాగితం మీద కూడా రాస్తుంది. "పరిస్థితి చాలా ఘోరంగా ఉంది" లాంటివి రేడియోలో వద్దు. ఎంతమంది, ఏం కావాలి, ఎప్పటికి కావాలి, అంతే.

నగరి_సుధ:
చెల్లీ, మగవాళ్లెవరూ చెప్పనివి నేను చెప్తా. బాత్రూం ఎక్కడుందో చేరగానే కనుక్కో. ప్యాడ్స్, నీ మందులు, పొడి బట్టలు రెండు కవర్లలో చుట్టు. పెరుగన్నం కట్టుకోకు, సాయంత్రానికి పులిసిపోతుంది. పులిహోర, వేయించిన అటుకులు మేలు. నీ బదులు డ్యూటీకి ఎవరొస్తారో, ఎన్ని గంటలకో బయల్దేరకముందే పేరుతో సహా అడుగు. మొహమాటపడ్డావో, 24 గంటలూ నువ్వే. లైసెన్స్ కాపీ పైన ఉండాలి, గేటు దగ్గర అడుగుతారు. ఇక అమ్మకు ఈరోజే చెప్పు.

అవిలాల_ఆంటెన్నా:
రిగ్ కొనలేదు. నిన్న తమ్ముణ్ణి స్కూటర్ మీద రాయలచెరువు కట్టకు తీసుకెళ్లా. కట్ట మీద నుంచి సెట్లో పెద్దాయన అసలు వినబడలేదు. ఓ రెండు వందల అడుగులు పక్కకు జరిగితే గరగరమంటూ అందారు! ఆ చోట రాయి మీద సున్నంతో గుర్తు పెట్టి వచ్చాను.

రాత్రి మిద్దె మీద నేనూ, కింద వాడూ "ఆరు సున్నా, రెండు సున్నా" అంటుంటే అమ్మ బయటికొచ్చి ఏంటీ గోల అంది. చెప్పేశాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత చింతపండు నానబెట్టింది.

ఈరోజు సాయంత్రం 6 నుంచి మన మామూలు ఫ్రీక్వెన్సీలో ఉంటా, 1 వాట్ మీద. ఎవరైనా ఓ పది కబుర్లు పంపండి, రాసుకుని తిరిగి చదువుతా.