శాటిలైట్ ఫొటోల్లో పులి చారల్లా కనిపించే పొదలు: ఇది వాన పనా, మనుషుల పనా?

రేగడి_నేల:

అందరికీ నమస్తే అండి. ఖాళీ దొరికితే శాటిలైట్ మ్యాప్ తెరిచి ఎక్కడెక్కడో జూమ్ చేసి చూడటం నాకు అలవాటు. నిన్న రాత్రి సోమాలియా ఉత్తరం వైపు చూస్తుంటే ఒకచోట ఆగిపోయాను. ఎర్ర నేల మీద ముదురు గీతలు, ఒకదాని కింద ఒకటి, అచ్చం పులి ఒంటి మీద చారల్లా, కిలోమీటర్ల కొద్దీ ఉన్నాయి. దున్నిన చాళ్లేమో అనుకున్నా, తీరా కొలిస్తే గీతకీ గీతకీ మధ్య వంద మీటర్ల పైనే ఉంది, అంత ఎడం పెట్టి ఎవరు దున్నుతారు? ఇంకా దగ్గరికి తీసుకెళ్తే అప్పుడు తెలిసింది, అవి పొదలూ గడ్డీ, మధ్యలో ఉన్నది ఒట్టి బోడి నేల. నైజర్‌లో నియామే చుట్టుపక్కల కూడా ఇలాంటివే కనిపించాయి.

మా ఫ్రెండ్‌కి చూపిస్తే "ఎక్కడ ఎంత వాన పడితే అక్కడ అంత పచ్చదనం, మనుషులు చేసేది ఏముంది అందులో" అని తేల్చేశాడు. మరి ఒకే వాన పడే చోట పక్కపక్కనే ఇక్కడ పొద, అక్కడ బోడి ఎందుకుంది అంటే వాడి దగ్గర జవాబు లేదు, నా దగ్గరా లేదు. ఇవి ఎలా తయారవుతాయి? ఆ నేల ఎడారి అయిపోతోందనడానికి గుర్తా ఇది? పశువులు మేసి మేసి ఇలా అయిందా? తెలిసినవాళ్ళు కొంచెం వివరంగా చెప్పండి ప్లీజ్, రాత్రి నుంచి ఇదే తిరుగుతోంది బుర్రలో.

వాలు_నీరు:

మంచి చోటే ఆగారండి. ఫ్రెంచ్‌లో వీటిని బ్రూస్ టిగ్రే అంటారు, పులి చారల తుప్పలు అని. ఆ తుప్పల్లో నిలబడి చూస్తే ఈ చారలు అర్థమే కావు, పైనుంచి చూడాల్సిందే. 1950లో మక్‌ఫాడ్యన్ అనే ఆయన అప్పటి బ్రిటిష్ సోమాలిలాండ్ మీద విమానం నుంచి తీసిన ఫొటోలు చూసి వీటి గురించి రాశాడు, మీరు నిన్న చూసిన ప్రాంతం బహుశా అదే.

ఎలా తయారవుతాయంటే, ముందు రెండు విషయాలు కావాలి. వాన తక్కువ ఉండాలి, ఎంత తక్కువంటే నేలంతా కప్పేంత మొక్కల్ని అది పోషించలేదు. రెండోది, చాలా చిన్న వాలు ఉండాలి, కంటికి చదునుగానే కనిపిస్తుంది, వంద మీటర్లు నడిచినా మీటరు దిగరు, కానీ నీటికి ఆ వాలు తెలుస్తుంది. ఇప్పుడు బోడి నేల మీద వాన చినుకులు దబదబా పడి పడి పైమట్టి అణిగిపోయి పెంకులా గట్టిపడుతుంది. ఆ పెంకు మీద పడిన వాన ఇంకదు, పల్చటి పొరలా కిందికి జారుతుంది. జారి జారి పొదల చార దగ్గరికి రాగానే అక్కడ వేర్లు ఉన్నాయి, రాలిన ఆకు ఉంది, చెదలు తొలిచిన సొరంగాలు ఉన్నాయి, నీళ్ళు చప్పున ఇంకిపోతాయి. అంటే చారకి తన మీద పడిన వానతో పాటు పైనున్న బోడి నేల మీద పడిన వానలో కూడా పెద్ద భాగం దక్కుతుంది. చార కింద మళ్ళీ నీళ్ళు మిగలవు కాబట్టి అక్కడ ఏమీ మొలవదు, బోడి. ఆ బోడి కింది చారకి నీళ్ళు పంపుతుంది. ఇలా మెట్లు మెట్లుగా.

అందుకే బోడి నేలని చచ్చిన నేల అనుకోకండి. ఇంటి కప్పు మీద పడ్డ వాన చూరు కింది తొట్టిలోకి చేరినట్టు అది చారకి నీళ్ళు పట్టి ఇస్తోంది. ఉన్న వానని మొత్తం నేల మీద సమానంగా పరిస్తే ఒక్క పొద కూడా బతకకపోవచ్చు, పోగుచేసుకున్నందుకే కొన్నైనా బతుకుతున్నాయి. నాకైతే ఈ ఒక్క విషయం కోసమే ఇవంటే అంత ఇష్టం.

ఇంకోటి, కొన్నిచోట్ల ఈ చారలు కదులుతాయి కూడా, ఎగువకి. ఎగువ అంచుకి నీళ్ళు ముందు అందుతాయి కదా, అక్కడ కొత్త మొలకలొస్తాయి, దిగువ అంచుకి నీళ్ళు చేరేసరికి అయిపోతాయి, అక్కడివి ఎండిపోతాయి. ఏడాదికి కొన్ని పదుల సెంటీమీటర్లు, అంతే. కదలకుండా ఉన్నచోటనే ఉండే చారలూ ఉన్నాయి.

గడ్డిపోచ:

పై కామెంట్‌కి చిన్న చేర్పు. దీనికి లెక్కలు కూడా ఉన్నాయండి. జంతువుల ఒంటి మీద మచ్చలూ చారలూ ఎలా వస్తాయో అలన్ ట్యూరింగ్ అనే గణిత శాస్త్రవేత్త 1952లో ఒక లెక్క చెప్పాడు, దగ్గర్లో ఒకదానికొకటి సాయం, దూరంలో పోటీ, ఈ రెండూ కలిస్తే నమూనా దానంతటదే పుడుతుంది. 1999లో క్లౌస్‌మైయర్ అనే ఆయన నీళ్ళకీ మొక్కలకీ కలిపి రెండే రెండు సమీకరణాలు రాసి చూపిస్తే వాలు మీద చారలు వచ్చాయి. పులి చారలు అని ఊరికే పోలిక కోసం అన్న మాట వెనక లెక్క కూడా అదే కుటుంబం అన్నమాట.

వాలు లేని చదును నేల మీద చారలు రావు. అలాంటి చోట వాన తగ్గేకొద్దీ ముందు పచ్చదనంలో చిల్లులు, తర్వాత వంకర టింకర దారులు, ఆఖర్న బోడి నేల మీద విడివిడి మచ్చలు. అందుకని మచ్చలు కనిపిస్తే ఇక కుప్పకూలడానికి దగ్గరపడింది అని చాలాకాలం అనుకునేవాళ్ళు. ఇప్పుడు అదే శాస్త్రవేత్తల్లో కొందరు ఇంకో మాట కూడా అంటున్నారు, ఇలా సర్దుకునే గుణం ఉన్నందుకే ఆ నేల ఒక్కసారిగా కూలకుండా నెమ్మదిగా తట్టుకుంటోందేమో అని. కాబట్టి చారలు కనపడ్డంత మాత్రాన ఎడారి అవుతోందని కాదు.

మేకల_దారి:

రేగడి గారూ, మీ ఫ్రెండ్ మాట దగ్గరికి వస్తాను, ఎందుకంటే అక్కడే నాకు కొంచెం బాధగా ఉంది. ఈ విషయంలో మనుషుల మీద తప్పు నిందలూ పడ్డాయి, మనుషులు నిజంగా చేసిన మార్పు ఎవరికీ పట్టకుండానూ పోయింది, రెండూ జరిగాయి.

ముందు నింద. 1960ల చివర్నుంచి సాహెల్‌లో, అంటే సహారా ఎడారికి దక్షిణంగా ఉన్న మెట్ట పట్టీలో, ఘోరమైన కరువు, 1980ల మధ్యలో మళ్ళీ. 1975లో చార్నీ అనే వాతావరణ శాస్త్రవేత్త ఒక సిద్ధాంతం చెప్పాడు, పచ్చదనం పోతే బోడి నేల ఎండని ఎక్కువగా వెనక్కి కొడుతుంది, దానివల్ల గాలి పైకి లేవడం తగ్గి వాన ఇంకా తగ్గుతుంది అని. ఆలోచన గొప్పదే, నేలకీ వానకీ లింకు ఉందని చూపించింది, కానీ దాన్ని పట్టుకుని పశువులు కాసుకునేవాళ్ళే కరువు తెచ్చుకున్నారని జనం చెప్పుకోవడం మొదలైంది. తర్వాత తేలిందేంటంటే అసలు కారణం ఎక్కువగా సముద్రాలు, వాటి ఉష్ణోగ్రతలు మారి వాన పట్టీ దక్షిణానికి జరిగిపోయింది, నేల మార్పు దాన్ని కొంచెం పెంచింది అంతే. మందలన్నీ కళ్ళముందు చచ్చిపోయినవాళ్ళ మీదే ఆ కరువు నింద కూడా వేశారు.

ఇప్పుడు రెండోది, మీ ఫ్రెండ్‌కి తప్పకుండా చెప్పండి. నైజర్ నైరుతి భాగం, మీరు చూసిన నియామే చుట్టుపక్కలే. వాన తగ్గిన ఆ దశాబ్దాల్లో భూగర్భ జలాలు ఏమవ్వాలి? దిగిపోవాలి కదా. పైకి వచ్చాయి! వాన తగ్గిందే, వాగుల్లో కుంటల్లో నీళ్ళు పెరిగాయే, బావుల్లో నీటిమట్టం ఏళ్ళ తరబడి పెరుగుతూ పోయిందే. ఎలా అంటే తుప్పల్ని వంటచెరకు కోసం కొట్టారు, సహజమైన చెట్టూచేమా తీసేసి సజ్జ వేశారు, బీడు పెట్టే కాలం తగ్గించారు, నేల పైన పెంకు కట్టింది. ఇంకాల్సిన నీళ్ళు పారడం మొదలుపెట్టాయి, పారి పల్లపు కుంటల్లో చేరాయి, ఆ కుంటల అడుగునుంచి భూమి లోపలికి దిగాయి. దీన్ని సాహెల్ పారడాక్స్ అంటారు, అంటే అనుకున్నదానికి తలకిందులుగా జరిగిన వింత అని. వాన ఒక్కటే అంతా నిర్ణయిస్తే ఇది జరగదు. వాన ఎంత పడిందో ఆకాశం చెబుతుంది, పడ్డాక అది మొక్క వేరుకి పోతుందా కుంటకి పోతుందా అన్నది నేల పైపొర చేతిలో ఉంది, ఆ పైపొరని మార్చేది గొడ్డలీ నాగలీ గిట్టలూ చక్రాలూ.

చక్రాలంటే గుర్తొచ్చింది. ఆఫ్రికా కొమ్ము ప్రాంతంలో, అంటే సోమాలియా ఉన్న ఆ తూర్పు మూలలో, 1950ల మొదట్లో తీసిన ఫొటోల్నీ ఇప్పటి శాటిలైట్ ఫొటోల్నీ పక్కపక్కన పెట్టి ఒక్కో చారనీ పోల్చి చూసిన పరిశోధన ఉంది, 2018లో వచ్చింది. మట్టి బాటలు బాగా పెరిగిన చోట్ల, అంటే మనుషుల రాకపోకలు ఎక్కువైన చోట్ల చారలు బాగా మారిపోయాయి. విచిత్రం ఏంటంటే చాలా చోట్ల చారలు సన్నబడలేదు, వెడల్పయ్యాయి! పైనుంచి చూస్తే పచ్చదనం పెరిగినట్టే. కానీ వాళ్ళ ఊహ ఏంటంటే అక్కడ పెరిగే మొక్కల రకాలే మారిపోయి ఉంటాయని, అందుకే అంచుల్లో కొత్తవి మొలిచే వేగం, పాతవి చచ్చే వేగం రెండూ మారాయని. పచ్చరంగు ఎంత ఉందో కెమెరా చెబుతుంది, అందులో పశువు నోరు పెట్టే గడ్డి ఎంతో చెప్పదు.

రేగడి_నేల:

అబ్బా, ఇంత ఉందా దీని వెనక. భూగర్భ జలాల సంగతి చదివి రెండుసార్లు వెనక్కెళ్ళి మళ్ళీ చదివా. ఫ్రెండ్‌కి పంపా, ఇంకా రిప్లై రాలేదు. ఇంకో డౌట్ అండి, తప్పుగా అనుకోవద్దు. మధ్యలో అంత బోడి నేల ఖాళీగా ఉంది కదా, అక్కడ చెట్లు నాటేస్తే? ఎలాగూ ఇప్పుడు అందరూ నాటమనే అంటున్నారు.

తడి_మట్టి:

తప్పేముందండి, పెద్ద పెద్ద సంస్థలు కూడా ఇదే అడిగాయి. కానీ పైన వాలు_నీరు గారు చెప్పింది గుర్తు తెచ్చుకోండి, ఆ బోడి నేల చారకి నీళ్ళిచ్చే జాగా. అక్కడ నాటితే, నాటినవి బతికితే, కింది చారకి రావాల్సిన నీళ్ళు అవి తాగేస్తాయి. కొత్తగా నీళ్ళేమీ పుట్టవు, ఒకరి వాటా ఇంకొకరికి మారుతుంది. చైనాలో లోయెస్ పీఠభూమి మీద 1999 నుంచి వాలు పొలాల్ని అడవికీ గడ్డికీ మార్చారు, మట్టి కోత బాగా తగ్గింది, పచ్చదనం కళ్ళకి కట్టినట్టు పెరిగింది, అది నిజంగా గొప్ప పని. కానీ నాటిన చెట్లు లోతు మట్టిలో తడిని పీల్చేసి కొన్నిచోట్ల నేల లోపలే ఎండిపోయింది, ఇంకా నాటుకుంటూ పోతే మనుషులకి నీళ్ళు చాలవని అక్కడి పరిశోధకులే 2016లో హెచ్చరించారు.

అలాగని చేతులు కట్టుకుని కూర్చోమని కాదు. బాగా పాడైపోయి చారలు కూడా మిగలని నేల ఉంటుంది చూడండి, అక్కడ చెయ్యాల్సింది చెట్టు కంటే ముందు నీటిని ఆపడం. బుర్కినా ఫాసోలో యాకూబా సవాడోగో అనే రైతు 1980ల్లో చేసింది అదే. పాత పద్ధతినే, జాయ్ అంటారు దాన్ని, కొంచెం మార్చాడు. రాయిలా గట్టిపడ్డ నేలలో ఎండాకాలంలోనే గుంటలు తవ్వి అందులో పెంటా చెత్తా వేస్తే చెదలొచ్చి నేల తొలుస్తాయి, వాన పడగానే పారే నీళ్ళు గుంటలో ఆగి ఆ కన్నాల్లోంచి ఇంకిపోతాయి, అందులో జొన్నో సజ్జో వేస్తే పండుతుంది, పెంటలో వచ్చిన విత్తనాల నుంచి చెట్లు కూడా మొలుస్తాయి. చూశారా, చార చేసే పనే ఇది, బోడి నేల మీద నీళ్ళని ఒకచోట పోగుచేసి ఇంకించడం. చారలో చెదలు చేసే పని ఇక్కడా చెదలే చేశాయి. ఆయన పొలంలో పెంచిన అడవి ఆయన బతికుండగానే పెద్దదయింది, 2018లో ఆయనకి రైట్ లైవ్లీహుడ్ అవార్డు కూడా వచ్చింది, 2023లో పోయారు.

నైజర్‌లో ఇంకో సంగతి. అక్కడ మారాడి వైపు పొలాల్లో నరికేసిన చెట్ల మోళ్ళు మట్టి కింద బతికే ఉన్నాయి, ఏటా చిగుర్లేస్తున్నాయి, ఏటా దుక్కిలో కొట్టేస్తున్నారు. 1980ల నుంచి ఆ చిగుర్లలో మంచివి నాలుగు ఉంచి మిగతావి కత్తిరించి కాపాడటం మొదలుపెట్టారు. విత్తనం లేదు, నర్సరీ లేదు, నీళ్ళు పొయ్యడం లేదు, ఎందుకంటే వేరు అప్పటికే లోతుగా ఉంది. అలా దాదాపు 50 లక్షల హెక్టార్లలో చెట్లు తిరిగొచ్చాయి. దీనికి వాన కొంచెం కోలుకోవడం ఒక కారణం, కానీ ఇంకో కారణం కూడా ఉంది. వలస పాలన నాటి చట్టంలో పొలంలో చెట్టు కూడా ప్రభుత్వానిదే, అలాంటప్పుడు రైతు మొలకని ఎందుకు కాపాడతాడు? క్రమంగా ఆ పట్టు సడలి చెట్టు రైతుదే అన్న నమ్మకం వచ్చాకే ఇది పాకింది. సరిహద్దుకి ఇవతల నైజర్ పొలాల్లో చెట్లు ఎక్కువ, అదే వాన పడే అవతలి నైజీరియా వైపు తక్కువ అని శాటిలైట్ ఫొటోలు పోల్చి చూపించినవాళ్ళున్నారు. మీ ఫ్రెండ్‌కి ఈ ముక్క కూడా పంపండి.

రేగడి_నేల:

పంపా అండి. వాడిప్పుడు "వాన ముఖ్యం కాదని నేనెప్పుడన్నా" అంటున్నాడు, సరే, మాట్లాడుకుంటున్నాం.

మేకల_దారి గారూ, మీరు చెప్పాక మళ్ళీ ఆ సోమాలియా జాగాకే వెళ్ళి చూశా. నిన్న కనపడలేదు కానీ చారల్ని అడ్డంగా కోస్తూ సన్నటి తెల్ల గీతలు చాలా ఉన్నాయి, అవి మట్టి బాటలేనా? ఒక బాట దగ్గర ఎగువ వైపు పచ్చగా ఉంది, దిగువ వైపు చార తెగిపోయినట్టుంది.

మేకల_దారి:

బాటలే అయ్యుండొచ్చండి. బండ్లు తిరిగి తిరిగి బాట కాలవలా లోతు పడితే పల్చగా జారొచ్చే నీళ్ళన్నీ దాన్లో పడి పక్కకి పోతాయి, అంచు ఎత్తుగా ఉంటే ఎగువనే ఆగిపోతాయి. ఎలా పోయినా దిగువ చారకి వాటా అందదు. మీరు చెప్పిన చోట ఎగువ వైపు పచ్చగా ఉందంటే నీళ్ళు అక్కడ నిలుస్తున్నట్టుంది. మీ మ్యాప్‌లో పాత తేదీల ఫొటోలు చూసే ఆప్షన్ ఉంటే బాట లేనప్పటి ఫొటో వెతికి అదే చార అప్పుడెలా ఉందో చూడండి, వానాకాలం ఫొటోని వానాకాలం ఫొటోతోనే పోల్చండి, లేకపోతే ఆకు రాలిన పొదని చచ్చిన పొద అనుకుంటారు. దొరికితే రెండు ఫొటోలూ ఇక్కడ పెట్టండి, నాకూ చూడాలనుంది.